క్లెయిమ్ చరిత్ర చూడాల్సింది పాలసీ ఇచ్చేటప్పుడే

సంపాదకులకు,

అయ్యా,

కారు బీమాను ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకున్నవారిలో కొందరికి, తీరా ప్రమాదం జరిగి పరిహారం కోరాక, ‘గత పాలసీ కాలంలో మీరు క్లెయిమ్ తీసుకున్న సంగతి మాకు తెలియజేయలేదు కనుక ఈ క్లెయిమును తిరస్కరిస్తున్నాం’ అన్న లేఖ అందుతోంది. వాహన నష్టాలు మదింపు చేసే సర్వేయరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను ఇలాంటి ఫైళ్లు చూసినవాడినే. వాటిలో పాలసీదారు తప్పు లేదని అనను. కానీ తప్పంతా అతని నెత్తినే రుద్ది కంపెనీ చేతులు దులుపుకోవడం మాత్రం న్యాయం కాదు.

చిక్కంతా నో క్లెయిమ్ బోనస్ దగ్గర మొదలవుతుంది. ఏడాదంతా క్లెయిమ్ లేకుంటే మరుసటి ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే సొంత వాహన నష్టం కోసం కట్టే భాగంలో 20 శాతం తగ్గిస్తారు. ఇదే నో క్లెయిమ్ బోనస్. వరుసగా క్లెయిమ్ లేని ఏళ్లు పెరిగేకొద్దీ అది 25, 35, 45 శాతాలకు, అయిదేళ్లు నిండితే 50 శాతానికి చేరుతుంది. చిన్నదో పెద్దదో ఒక్క క్లెయిమ్ తీసుకుంటే మళ్లీ సున్నా. ఎదుటివారికి జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియానికి ఈ తగ్గింపుతో సంబంధం లేదు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 రూపాయలు అనుకుంటే 35 శాతం బోనస్ వల్ల ఆదా అయ్యేది 3,500 రూపాయలు. అర్హత లేకుండా ఆ కాస్త తగ్గింపు పొందినందుకు, ఆ తర్వాతి ప్రమాదంలో రెండు మూడు లక్షల మరమ్మతు ఖర్చు మొత్తం పోగొట్టుకుంటున్నారు.

క్లెయిమును దాచడం ప్రతిసారీ కావాలనే జరిగేది కాదని చెప్పడానికి వర్క్‌షాపుల్లో నిత్యం జరిగే తంతు ఒకటి చాలు. బంపర్ పగిలి, హెడ్‌లైట్ విరిగిన కారును యజమాని డ్రైవర్‌తోనో కొడుకుతోనో షెడ్డుకు పంపుతాడు. కౌంటర్ దగ్గర ఉన్న ఉద్యోగి ఆర్‌సీ, లైసెన్సు, పాలసీ కాగితాల నకళ్లు తీసుకుని, ఖాళీగా ఉన్న క్లెయిమ్ ఫారం మీద ‘ఇక్కడ, ఇక్కడ’ అంటూ సంతకాలు పెట్టించుకుంటాడు. క్యాష్‌లెస్ కాబట్టి డబ్బు కంపెనీ నుంచి నేరుగా వర్క్‌షాపుకే పోతుంది. యజమాని కట్టేది తన వాటా కింద వచ్చే కొద్ది మొత్తమే. చేతికి రూపాయి రాని దాన్ని క్లెయిమ్ అనుకోవడం చాలామందికి అలవాటు లేదు. కొన్ని నెలలకు పాలసీ గడువు దగ్గర పడుతుంది. ఏజెంటు ఫోన్ చేసి తక్కువ ప్రీమియానికి ఇంకో కంపెనీ ఉందంటాడు, లేదా యజమానే ఆన్‌లైన్‌లో ధరలు పోల్చి చూసుకుంటాడు. ‘గత ఏడాది క్లెయిమ్ తీసుకున్నారా?’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అన్న జవాబును ఏజెంటు తనంతట తానే నొక్కేస్తాడు. అది నొక్కితేనే ప్రీమియం తగ్గుతుంది, తగ్గితేనే పాలసీ అమ్ముడవుతుంది. ఆ డిక్లరేషను కింద సంతకం మాత్రం పాలసీదారుదే అవుతుంది.

తెలిసి తెలిసి అబద్ధం చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. బీమా ఒప్పందం పూర్తిగా నమ్మకం మీద నడిచేది. అడిగిన విషయాన్ని దాచితే దాని ఫలితం అనుభవించక తప్పదు.

అయితే ఆ నమ్మకం రెండు వైపులా ఉండాలి కదా. వాహన బీమా రేట్లకు, నియమాలకు ఆధారమైన పుస్తకం, 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో 27వ సాధారణ నియమం ఈ విషయాన్ని చాలా స్పష్టంగా చెప్పింది. బోనస్ అర్హతకు రుజువుగా పాత కంపెనీ ఇచ్చిన రెన్యువల్ నోటీసో లేఖో చూపాలి. అది లేనప్పుడే పాలసీదారు నుంచి డిక్లరేషను తీసుకోవచ్చు. అది తప్పని తేలితే పాలసీలోని మొదటి సెక్షను, అంటే సొంత వాహన నష్టానికి సంబంధించిన ప్రయోజనాలన్నీ కోల్పోతానని అందులో ఒప్పుకోవాలి. నియమం అక్కడితో ఆగలేదు. డిక్లరేషను తీసుకున్నప్పటికీ కొత్త కంపెనీ 21 రోజుల్లోగా పాత కంపెనీకి రాసి బోనస్ వివరాలు నిర్ధారించుకోవాలని, ఆ లేఖ అందిన 30 రోజుల్లోగా పాత కంపెనీ జవాబివ్వాలని, ఇందులో ఎవరు విఫలమైనా టారిఫ్‌ను ఉల్లంఘించినట్టేనని కూడా చెప్పింది. 2007లో ప్రీమియం రేట్లపై నియంత్రణ తొలగింది, టారిఫ్ కాలం చెల్లిందని కంపెనీలు అనవచ్చు. అలాంటప్పుడు ఆ పుస్తకంలోంచి పాలసీదారును కట్టిపడేసే డిక్లరేషను వాక్యాన్ని మాత్రం ఎందుకు అట్టేపెట్టుకున్నట్టు? తమను కట్టిపడేసే 21 రోజుల మాటను ఎందుకు వదిలేసినట్టు? నాకు అర్థం కానిది ఇదే.

నా అనుభవంలో పాత కంపెనీకి ఉత్తరం వెళ్లేది పాలసీ ఇచ్చిన కొత్తలో కాదు, సర్వేయరు నివేదిక కంపెనీ బల్ల మీదకు వచ్చాక. క్లెయిమ్ మొత్తం పెద్దదైతే ఆ ఉత్తరం మరీ చురుగ్గా కదులుతుంది, జవాబూ రోజుల్లోనే వచ్చేస్తుంది. అంటే సమాచారం దొరకనిదేమీ కాదు, అవసరమనుకున్నప్పుడే అడుగుతున్నారు. ప్రీమియం కట్టించుకున్న వారంలోనే అడిగి ఉంటే, తేడా సొమ్ము కట్టమని పాలసీదారుకు ఒక సందేశం పంపితే సరిపోయేది.

ఇలాంటి వివాదాలు వినియోగదారుల కమిషన్ల ముందుకు వెళ్లినప్పుడు తీర్పులు ఒకే తీరుగా రాలేదు. కొన్నిటిలో తిరస్కరణను సమర్థించారు. కొన్నిటిలో, కంపెనీ సకాలంలో విచారించుకోలేదు కాబట్టి మొత్తం ఎగ్గొట్టడం కుదరదని, పరిహారంలో కొంత కోసుకుని మిగతాది చెల్లించాలని చెప్పారు. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. అయితే మధ్యతరగతి మనిషి కారును షెడ్డులో వదిలేసి ఏళ్లతరబడి కమిషన్ చుట్టూ తిరిగితే తప్ప ఆ మాట వినిపించకపోవడం బాధాకరం.

పాత కారు కొన్నవారిది ఇంకో తలనొప్పి. నో క్లెయిమ్ బోనస్ మనిషికి చెందుతుంది తప్ప కారుకు కాదు. పాలసీని తన పేరిట మార్పించుకునేటప్పుడు కొన్నవారు, అమ్మినవారికి బోనస్ కింద తగ్గించిన మేరకు తేడా ప్రీమియం కట్టాలి. ఈ సంగతి అమ్మినవారూ చెప్పరు, మధ్యవర్తీ చెప్పడు.

బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఈ 21 రోజుల బాధ్యతను నేటి నిబంధనల్లో మళ్లీ స్పష్టంగా రాయాలని, గడువులోగా విచారించుకోని కంపెనీకి ఆ తర్వాత బోనస్ కారణంగా క్లెయిమును పూర్తిగా తిరస్కరించే హక్కు లేకుండా చేయాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను. పాలసీదారు బుద్ధిపూర్వకంగా మోసం చేశాడని రుజువు చేయగలిగితే అది వేరే సంగతి. ఆ సంస్థే 2009లో నెలకొల్పిన ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరోకు కంపెనీలన్నీ పాలసీల, క్లెయిముల వివరాలు పంపుతున్నప్పుడు, రెన్యువల్ చేసే క్షణంలోనే వాహనం నంబరు కొడితే పాత క్లెయిములు తెర మీద కనిపించే ఏర్పాటు పెద్ద కష్టమేమీ కాదు. ఆ వివరాలు ఏజెంటుకే కాక పాలసీదారుకూ కనిపించాలి.

ఈలోగా తిరస్కరణ లేఖ అందుకున్నవారు, తమ బోనస్ గురించి పాత కంపెనీకి ఏ తేదీన రాశారో, ఏ తేదీన జవాబు వచ్చిందో నకళ్లతో సహా తెలపమని తమ కంపెనీ ఫిర్యాదుల విభాగాన్ని రాతపూర్వకంగా అడగాలి. నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకున్నా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలను వింటారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. పాత కంపెనీకి రాసిన తేదీ ప్రమాదం తర్వాతిదైతే ఫిర్యాదులో మొదట చూపాల్సిన కాగితం అదే.

ఇట్లు,
విశ్రాంత సర్వేయరు