క్రూజ్ బటన్ ఇస్తున్నారు, వాడే తీరు ఎవరు చెప్తారు?

సంపాదకులకు నమస్కారం.

కొత్త బండ్ల గురించి మీ పత్రికలో తరచూ రాస్తుంటారు. ధర, మైలేజీ, రంగులు అన్నీ ఉంటాయి. కానీ ఈ మధ్య మోటార్ సైకిళ్లలో వస్తున్న క్రూజ్ కంట్రోల్‌ను, అంటే యాక్సిలరేటర్ తిప్పి పట్టుకోకపోయినా మనం పెట్టిన వేగంలోనే బండిని నడిపించే ఏర్పాటును, కుదుపు లేకుండా ఎట్లా వాడాలో ఎక్కడా కనబడలేదు, అమ్మేవాళ్లు చెప్పనూ లేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది అనంతపురం. పని మీద వారానికి ఒకసారైనా కర్నూలు పోయి వస్తాను, 44వ నంబరు హైవే మీద, బండిలోనే. పామిడి, గుత్తి దాటి ప్యాపిలి చేరేసరికి కుడి మణికట్టు మొద్దుబారిపోయేది, వేళ్లకు తిమ్మిరెక్కి డోన్‌లో టీ గ్లాసు పట్టుకోవాలన్నా కష్టమయ్యేది. ఆ బాధ పడలేకే పోయిన ఏడాది క్రూజ్ కంట్రోల్ ఉన్న బండి తీసుకున్నాను. షోరూంలో తాళాలు ఇచ్చిన అబ్బాయి బటన్ చూపించి "హైవేలో నొక్కండి సార్, మీకే తెలిసిపోతాది" అన్నాడు, అంతే. ఆ అబ్బాయిని తప్పుపట్టను, అతనికి మాత్రం ఎవరు నేర్పించారు?

మొదటిసారి మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని పోతున్నా. గార్లదిన్నె దాటినాక 80 దగ్గర సెట్ చేసి, చెయ్యి వదులుగా పెట్టుకుని హాయిగా ఉన్నా. ముందర ఒక లారీ మెల్లగా మా వరుసలోకి వస్తుంటే బ్రేకు ఊరికే అట్లా తాకించానంతే, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి ఆగబోయింది, ఆమె హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కు టక్కున కొట్టుకుంది. "ఏమైంది, గొర్రెలేమన్నా అడ్డమొచ్చినాయా?" అంది. ఏమీ రాలేదు. పామిడి దగ్గర పెన్న బ్రిడ్జి మీద మళ్లీ అదే. గుత్తిలో దిగినప్పుడు చెప్పేసింది, వచ్చేటప్పుడు నేను బస్సుకు వస్తా, నువ్వు బండి తెచ్చుకో అని.

ఆ కుదుపు బండి లోపం కాదని తర్వాత అర్థమైంది. ఇట్లాంటి బండ్లలో యాక్సిలరేటర్‌కు, ఇంజనుకు మధ్య కేబుల్ ఉండదు. మనం ఎంత తిప్పామో ఒక సెన్సార్ చూసి కంప్యూటర్‌కు చెప్తే, అది చిన్న మోటారుతో ఇంజనులోకి గాలి పోయే తలుపును తెరుస్తుంది. క్రూజ్‌లో ఉన్నప్పుడు ఆ తలుపు తెరిచే ఉంటుంది గానీ మన చేతి దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉంటుంది. బ్రేకు తాకగానే క్రూజ్ రద్దయి, కంప్యూటర్ మళ్లీ మన చేతి మాట వింటుంది, మన చెయ్యేమో సున్నా మీద ఉంది. తలుపు ఒక్కసారిగా మూసుకుంటుంది, ఇంజనే బండిని పట్టేస్తుంది.

కాబట్టి ముందర తొందర లేనప్పుడు నేను బ్రేకుతో మొదలుపెట్టను. ముందుగా యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా తిప్పుతూ పోతాను. కొంతవరకు బండిలో ఏ మార్పూ ఉండదు, తర్వాత ఒకచోట ఇంజను కొంచెం లాగినట్టు తెలుస్తుంది, బండి నా చేతికి వచ్చిందని గుర్తు అదే. అక్కడ చెయ్యి అట్లే పట్టుకుని క్యాన్సిల్ బటన్ నొక్కి, ఆ తర్వాత మెల్లగా తగ్గించుకుంటాను. వెనక కూర్చున్నవాళ్లకు ఎప్పుడు తీశామో కూడా తెలియదు. అడ్డంగా ఏదైనా వచ్చిందంటే మాత్రం ఇవన్నీ ఆలోచించే పని లేదు, బ్రేకే.

సెట్ చేసేటప్పుడూ ఇంతే, వేగం నిలకడగా ఉన్నప్పుడు నొక్కి, చెయ్యి ఒక క్షణం అట్లే ఉంచి తర్వాత వదలాలి. పాత వేగాన్ని మళ్లీ తెచ్చే రిజ్యూమ్ బటన్‌తో ఇంకా జాగ్రత్త. 50కి తగ్గినాక అది నొక్కితే పాత 80 కోసం బండి తనంతట తాను పరుగెత్తుతుంది. చేత్తో ఆ వేగం దగ్గరకు తెచ్చి నొక్కితే ఏ గొడవా లేదు.

అసలు క్రూజ్ కంట్రోల్ పుట్టిందే కుదుపు వల్ల అంటారు. అమెరికాలో రాల్ఫ్ టీటర్ అనే ఇంజనీరు, చిన్నప్పుడే చూపు పోయినాయన, తన లాయరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు తగ్గిస్తూ, వినేటప్పుడు పెంచుతూ పోతుంటే భరించలేక దీన్ని ఆలోచించాడట. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రిస్లర్ కార్లలో పెట్టారు.

మన రోడ్డు మీద ఇంకో మాట చెప్పాలి. కేంద్రం 2018లో నాలుగు వరుసల రోడ్డు మీద మోటార్ సైకిళ్లకు పెట్టిన గరిష్ఠ వేగం 80. ఆ వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. మామూలు క్రూజ్‌కు కళ్లు లేవు, ముందర ఏముందో దానికి పట్టదు. రాడార్‌తో ముందు బండిని చూసి తగ్గించుకునే రకం డుకాటి మల్టీస్ట్రాడా వీ4 లాంటి ఖరీదైన బండ్లకే ఉంది. మనకేమో డివైడర్ సందులోంచి గొర్రెల మంద వస్తుంది, రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ ఎదురొస్తుంది. అందుకే రెండు వేళ్లు బ్రేకు మీద ఎప్పుడూ ఉండాల్సిందే, ఊరు కనబడగానే క్రూజ్ తీసేయాల్సిందే. వానలో, మలుపుల్లో, ఘాట్‌లో నేనైతే అసలు వాడను. దిగుడులో కూడా నమ్మొద్దు, చాలా బండ్లలో అది బ్రేకు వేయదు.

2025 ఆగస్టులో హీరో గ్లామర్ ఎక్స్ అనే 125 సీసీ బండికి కూడా క్రూజ్ కంట్రోల్ వచ్చింది. అంటే ఇక లక్షలు పోసి కొనేవాళ్ల సంగతి కాదు, కాలేజీ పిల్లలు, రోజూ పల్లె నుంచి టౌనుకు వచ్చే ఉద్యోగులు కూడా వాడతారు. షోరూంల వాళ్లను నేను అడిగేది ఒక్కటే, బండి ఇచ్చే రోజు ఒక పది నిమిషాలు ఖాళీ రోడ్డు మీద సెట్ చేయడం, చేత్తో అందుకుని తీయడం కొన్నవాళ్ల చేతనే రెండుసార్లు చేయించండి. మీరు కూడా బండ్ల పేజీలో బొమ్మలతో ఒకసారి వేయండి.

మా ఆవిడ ఇప్పుడు మళ్లీ బండిలోనే వస్తోంది. పోయిన వారం డోన్ దాటినాక భుజం మీద తల వాల్చి నిద్రపోతుంటే, ఆపాల్సి వచ్చింది కదా అని నేనే లేపాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
అనంతపురం