కల్లాన్ని కలం చేశారు, అడిగితే టికెట్ మూసేశారు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి, వారి పైఅధికారులకు,

నమస్కారం. ఇది మీకు మేం రాస్తున్న ఆరో ఉత్తరం. ముందు ఐదింటికీ (మా ఫిర్యాదును మీరు టికెట్ అంటారు) మీ వాళ్లు ఏదో ఒకటి చెప్పినా, చివరికి వచ్చింది ఒకటే కబురు: ‘మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసివేశాం.’ ఏ సమస్య, ఎవరు పరిష్కరించారు, ఎప్పుడు? ఒక్కరూ చెప్పలేదు. మీ సైట్ కొత్త డిజైన్ మీద కంటే ఈ మాట మీదే మాకు ఎక్కువ కోపంగా ఉంది.

మేం గుంటూరు, విజయవాడల్లో ఉండే 11 మందిమి. ఇక్కడ పనుల్లో వాడే మాటలు పోగుచేసి ఏడేళ్లుగా మీ సైట్‌లో నిఘంటువు పేజీలు రాస్తున్నాం. మిర్చి యార్డు మాటలు, మంగళగిరి మగ్గాల దగ్గరి పడుగు, పేక, నాడె, కృష్ణా కాలవల మీది లాకులు, లస్కర్లు, ఇలాంటివి నాలుగు వేల పైచిలుకు. ఎవరూ మాకు జీతం ఇవ్వలేదు, మేం అడగలేదు. యార్డులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసిన ఒక పెద్దాయన రోజూ సాయంత్రం ఫోన్ చేసి రెండు మూడు మాటలు చెప్తారు, నేను టైపు చేస్తాను. నేను రిటైరైన తెలుగు టీచర్ని. విజయవాడలో డీటీపీ పని చేసే తమ్ముడొకడు రాత్రి షాపు కట్టేశాక కూర్చుని తప్పులు దిద్దుతాడు. అలా తయారైన పేజీలు అవి.

జూన్‌లో ఒకరోజు పొద్దున్నే చూస్తే సైట్ మారిపోయి ఉంది. ముందు ఒక్క మాట చెప్పలేదు. మారింది ఏమిటో ఒక్క ఉదాహరణ చూపిస్తాను.

మిరపకాయలు కోశాక ఆరబోసే చోటును కల్లం అంటాం. మీ కొత్త డిజైన్‌లో పేజీ పేరు ఉండే వరస ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా పెట్టారు. మా అక్షరాలకు కింద వత్తులు ఉంటాయి. అవి సగానికి తెగిపోతున్నాయి. ఫోన్‌లో అయితే అసలు కనపడవు. మేం ‘కల్లం’ అని రాస్తే పైన ‘కలం’ అని వస్తోంది, కింద అర్థం చూస్తే ‘మిరపకాయలు ఆరబోసే చోటు’ అని ఉంటోంది. మిర్చి బస్తాను యార్డులో టిక్కీ అంటారు, అది ‘టికీ’ అయి కూర్చుంది. నిఘంటువులో మాటే తప్పుగా కనపడితే ఇంకేం మిగిలింది? గుమాస్తా గారు మనవడి ఫోన్‌లో చూసుకుని ఆ రాత్రి నాకు ఫోన్ చేశారు. ‘అమ్మా, నేను చెప్పడంలో ఏమన్నా తేడా వచ్చిందా?’ అని అడిగారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, తప్పు తనదే అనుకున్నారు. ఆయనకు ఏం జవాబు చెప్పాలో మీ ఏజెంట్లలో ఒక్కరన్నా నాకు చెప్పి ఉంటే బాగుండేది.

ఇంకోటి. ‘గవర్నర్‌పేట’ అని రాయాలంటే ‘ర్’ తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి కొడతాం, లేకపోతే ‘ప’ వెళ్లి కింద వత్తుగా కూర్చుంటుంది. మీ కొత్త ఎడిటర్ పేజీ సేవ్ చేసిన ప్రతిసారీ ఆ గుర్తును తుడిచేస్తోంది. అది ‘గవర్నర్పేట’ అవుతోంది. దిద్దడం, సేవ్ చేయడం, మళ్లీ చెడిపోవడం, ఇదే పని. పక్కన ఉండే అక్షరాల పట్టిక తీసేశారు, పేజీ మధ్యలో ప్రకటనలు పెట్టారు, వాటి గురించి ఇక్కడ రాయను.

ఇక మీ వాళ్ల సంగతి.

మొదటి టికెట్‌కు బ్రౌజర్ క్యాష్, అంటే అది దాచుకున్న పాత పేజీలు, క్లియర్ చేసి చూడమన్నారు. 11 మందిమీ చేశాం. ఏం మారలేదు. మళ్లీ రాస్తే రెండో ఆయన స్క్రీన్‌షాట్ పంపమన్నారు. పదహారు పంపాం, తెగిన వత్తుల చుట్టూ ఎర్రగా సున్నాలు చుట్టి మరీ. వారం తర్వాత ‘మీ వైపు నుంచి సమాచారం రానందున మూసివేస్తున్నాం’ అన్నారు. పంపిన మెయిల్‌ను తేదీతో సహా మళ్లీ పంపాం. ఈసారి మూడో ఆమె వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు, కానీ మేం రాసింది చదవలేదని రెండో వాక్యంలోనే తెలిసిపోయింది. ‘భాషను ఇంగ్లీషుకు మార్చుకుంటే డిజైన్ సరిగ్గా కనిపిస్తుంది’ అని సలహా ఇచ్చారు. తెలుగు మాటల నిఘంటువును ఇంగ్లీషులో చూసుకోమన్నారు! నాలుగో ఆయన, కొత్త డిజైన్‌లో మా భాషకు ‘ఇంకా’ సపోర్ట్ లేదన్నారు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ వాడే యూనికోడ్‌లో తెలుగు మొదటి వెర్షన్ నుంచీ, అంటే 1991 నుంచీ ఉంది. పాత డిజైన్‌లో ఏడేళ్లు బాగానే కనపడింది. ఇంకా లేదు అంటే ఎలా? ఉన్నదాన్ని మీరే తీసేశారు.

తర్వాత అభిప్రాయాలు చెప్పమని ఒక ఫారం పంపారు. 500 అక్షరాల హద్దు అని రాసి ఉంది. నేను నాలుగు వాక్యాలు రాశానో లేదో హద్దు దాటిందని ఎర్రగా చూపించింది. డీటీపీ తమ్ముడు చూసి చెప్పాడు, మీ ఫారం అక్షరాలను కాదు, కంప్యూటర్‌లో అవి తీసుకునే చోటును, అంటే బైట్లను లెక్కపెడుతోందట. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్క, ఒక్కోటీ మూడు బైట్లు. ‘కల్లం’ ఒక్క మాటకే 15. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఇచ్చిన చోటులో మూడో వంతు కూడా మాకు లేదన్నమాట. మా బాధ చెప్పుకునే చోట కూడా మమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ తర్వాత వలంటీర్లతో వీడియో సమావేశం అన్నారు. మాకు రాత్రి పదకొండున్నర. గుమాస్తా గారు కూడా నిద్ర ఆపుకుని మనవడి పక్కన కూర్చున్నారు. గంటసేపు మీ డిజైనర్లు కొత్త రంగుల గురించి చెప్పారు. మా మైకులు మీరే మ్యూట్ చేసి ఉంచారు. ప్రశ్నలు ముందే ఎంపిక చేశామన్నారు, మూడు రోజుల ముందు మేం పంపిన ప్రశ్న అందులో లేదు. తెల్లారేసరికి ‘సమావేశం ఎలా ఉంది, స్టార్లు ఇవ్వండి’ అని మెయిల్ వచ్చింది. ఆ రోజు నేను నిజంగా ఏడ్చాను.

డిజైన్ మార్చొద్దని మేం అనలేదు. వికీపీడియా కూడా రూపం మార్చింది. 2020 నుంచి కొన్ని భాషల్లో ముందు ప్రయత్నించి, ఇంగ్లీషులో 2023 జనవరిలో పెట్టారు. ఖాతా ఉన్నవాళ్లు పాత రూపానికి మళ్లే వీలు ‘అభిరుచులు’ అనే సెట్టింగుల్లో ఉంచారు. బలవంతం చేసిన చోట ఏమైందో కూడా మీకు తెలిసే ఉంటుంది. 2010లో, ఎవరైనా తమ వికీ పెట్టుకోగల వికియా సైట్ తన కొత్త రూపం తెచ్చినప్పుడు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట గురించి రాసేవాళ్లు అక్కడున్న తమ వోవ్‌వికీ వదిలి వోవ్‌పీడియా పెట్టుకున్నారు. అది కూడా తర్వాత అదే సంస్థ చేతికి వెళ్తే 2023లో మళ్లీ లేచి వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి రాసుకున్నది మోసుకుని రెండుసార్లు ఇల్లు మారారు. ఎంత విసిగితే మనుషులు అంత పని చేస్తారు?

మేం మీ దగ్గర ఎందుకు ఉన్నామో కూడా చెప్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా బృందంలో ఒకామె ఇంట్లోకి నీళ్లు వచ్చి, కాలవల మాటలు రాసుకున్న నోట్‌బుక్కులన్నీ పోయాయి. వారం తర్వాత బురద కడుక్కుంటూ నాకు ఫోన్ చేసి, ‘అక్కా, సైట్‌లో ఉన్నాయి కదా, అవి చాలు’ అంది. అప్పుడు మీకు మనసులోనే దండం పెట్టుకున్నాం. అంత నమ్మకం మీ మీద.

ఆ నమ్మకంతోనే అడుగుతున్నాం. వత్తులు తెగకుండా చూడండి, కనపడని గుర్తును తుడిచేయకండి. అంతవరకూ పాత రూపం వాడుకునే వీలు ఇవ్వండి. తెలుగు చదవగలిగిన మనిషి ఒకరు మాకు జవాబు రాయాలి, పేరుతో. మా పేజీల మొత్తం కాపీ కూడా కావాలి. అవి తీసుకెళ్లే హక్కు మీ లైసెన్స్‌లోనే మాకు ఉంది.

15 రోజులు చూస్తాం. ఈ టికెట్‌ను కూడా మూసేస్తే ప్రతి పేజీ పైన ‘ఇక్కడ వత్తులు కనపడవు, సరైన మాట కోసం మా కొత్త చోటుకు రండి’ అని రాసి, పేజీలన్నీ తీసుకుని వెళ్లిపోతాం. మగ్గాల మాటలు, చేపల వేట మాటలు రాసే మిగతా చిన్న బృందాలతో కూడా మాట్లాడాం, వాళ్లదీ ఇదే మాట. మేం పంపిన ఐదు ఉత్తరాలు, మీ వాళ్ల ఐదు జవాబులు అందరికీ కనపడేలా పెడతాం.

గుమాస్తా గారు ఫోన్ చేయడం తగ్గించేశారు. నిన్న నేనే చేసి అడిగితే ‘ముందు కల్లం సరిచేయించండమ్మా, తర్వాత కొత్తవి చెప్తాను’ అన్నారు.

ఇట్లు,
పదాల పేజీల బృందం తరఫున,
ఒక రిటైర్డ్ తెలుగు టీచర్,
బ్రాడీపేట, గుంటూరు