బంగారం ధర పక్కన ఇంకు ధర కూడా వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలో రోజూ బంగారం, వెండి ధరలు వేస్తారు. నేను నగలు కొనేదాన్ని కాకపోయినా ఆ చిన్న పెట్టె చదవకుండా పేజీ తిప్పను. పోయిన నెల ఒకరోజు ఆ అంకెలు ముందు పెట్టుకుని, వంటింటి కాటా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఈ ఉత్తరానికి కారణం ఆ రోజు తేలిన లెక్కే.

మా అమ్మాయి ప్రాజెక్టు ప్రింట్ తీస్తుంటే మధ్యలో ఇంకు అయిపోయింది. మర్నాడే ఇవ్వాలని దానికి ఒకటే టెన్షన్. పరిగెత్తుకెళ్లి కొత్త కార్ట్రిడ్జ్ తెచ్చాను. అట్టపెట్టె నా అరచేతికంటే పెద్దది. లోపల ఇంకు ఎంతుందా అని వెతికితే పెట్టె అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో 8 మిల్లీలీటర్లు అని ఉంది. నమ్మకం కుదరక కొత్తదాన్ని, ఖాళీ అయిన పాతదాన్ని విడివిడిగా తూచాను. తేడా 8 గ్రాములే. రెండు టీస్పూన్లు కూడా నిండవు. ఇచ్చిన డబ్బును 8తో భాగించి, ఆ రోజు వెండి గ్రాము ధరతో పోల్చాను. ఇంకే ఎక్కువ.

వెండి కొనేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటాం! కాటా మన కళ్లముందు ఉండాలి, స్వచ్ఛత ఎంతో చెప్పాలి, మజూరీ విడిగా చూపించాలి. అంతకంటే ఖరీదైన ద్రవాన్ని మాత్రం పెట్టె మీది బొమ్మ చూసి కొనేస్తున్నాం. తప్పు మనది కాదనే నా అభిప్రాయం. బంగారం గ్రాము ఇంత అని లోకమంతా చెబుతుంది కాబట్టి మనం గ్రాముల్లో ఆలోచిస్తాం. ఇంకు, షేవింగ్ బ్లేడు, ముఖానికి రాసుకునే క్రీము 'ఒకటి ఇంత' అని చెబుతారు కాబట్టి ఒకటిగానే ఆలోచిస్తాం. పైగా కంటికి ఆనే పరిమాణం మోసం చేస్తుంది. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు బంగారం 19.3 కిలోలు తూగుతుంది. అంత బరువైన లోహం చిటికెడు కూడా పెద్ద విలువగా కనిపిస్తుంది. తేలికైన సరుకును పెద్ద పెట్టెలో పెడితే అదీ పెద్దగానే కనిపిస్తుంది.

బరువుకు ఖరీదు ఎక్కువైనంత మాత్రాన అన్యాయమని నేను అనడం లేదు. గ్రాము కుంకుమపువ్వుకు దాదాపు 150 పూలు కావాలి. ఒక్కో పువ్వులో ఉండేవి మూడే ఎర్రటి పోగులు, వాటిని చేత్తోనే తీయాలి. అది వెండికంటే ఖరీదైతే ఆ చేతుల కష్టానికి తగినదే అనుకుంటాను. మందులకైతే ఈ తూకం అసలు సరిపోదు. మిల్లీలీటరుకు 100 యూనిట్ల చొప్పున ఉండే 10 మిల్లీలీటర్ల ఇన్సులిన్ వయల్‌లో (చిన్న మందు సీసాలో) అసలు ఇన్సులిన్ సుమారు 35 మిల్లీగ్రాములే, మిగతాదంతా దాదాపు నీరే. ఆ లెక్కన ఒక గ్రాము కావాలంటే 29 వయల్స్ కొనాలి. కొన్ని దేశాల్లో ఆ 29 వయల్స్ ధర గ్రాము బంగారాన్ని దాటిపోతుంది. కానీ 30 యూనిట్లు అంటే ఒక మిల్లీగ్రామే. అంత చిన్న మోతాదు మనిషిని నిలబెడుతున్నప్పుడు గ్రాముల్లో కొలిచి లాభం లేదు. దాన్ని కనుగొన్నవాళ్లు 1923లో పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు ఇచ్చేశారన్న సంగతి గుర్తొస్తే మాత్రం ఆ 29 వయల్స్ లెక్క మింగుడుపడదు.

ఇంకు సంగతి వేరు. అల్యూమినియం ఒకప్పుడు ఖరీదైన లోహం. 1884లో అమెరికాలోని వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు సుమారు 2.8 కిలోల అల్యూమినియం శిఖరం పెట్టినప్పుడు దాని ధర వెండితో సమానం. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ అనేవాళ్లు విడివిడిగా విద్యుత్తుతో దాన్ని తీసే పద్ధతి కనిపెట్టారు. ఆ తర్వాత ధర పడిపోయింది. ఇప్పుడు అన్నం పొట్లం చుట్టి పారేస్తున్నాం. తయారీ సులువైతే ధర దిగడం అలా ఉంటుంది. ప్రింటర్ ఇంకు మాత్రం దిగదు. ప్రింటర్‌ను చవగ్గా అమ్మి, లాభాన్ని ఇంకులో రాబట్టుకోవడమే ఆ వ్యాపార పద్ధతి. షేవింగ్ రేజర్ పిడి, దాని బ్లేడ్లు కూడా ఇదే దారి. అందులోనూ కొంత ఇంకు కాగితం మీదికి రాకుండా, యంత్రం తనను తాను శుభ్రం చేసుకోవడానికే పోతుంది. ఎంత పోయిందో మనకు తెలిసే వీలే లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది చిన్న ప్యాకెట్ల సంగతి. చేతిలో కాస్త డబ్బే ఉన్నవాళ్లు చిన్న ప్యాకెట్టే కొనగలరు. చాలాసార్లు అందులో గ్రాముకు ఎక్కువ పడుతుంది. అంటే లేనివాళ్లే అదే సరుకుకు ఎక్కువ కడుతున్నారు. ఒక్కోసారి తిరగబడి పెద్ద ప్యాకెట్టే గ్రాముకు ఎక్కువ పడుతుంది, 'పెద్దది కొంటే కలిసొస్తుంది' అనుకుని కొన్నవాళ్లు నష్టపోతారు. గ్రాము ధర కంటికి కనబడకపోతే, భాగించి చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు. పిల్లను చంకనేసుకుని, వెనక క్యూ ఉండగా 185 గ్రాముల ధరను 340 గ్రాముల ధరతో పోల్చి లెక్క వేయమంటే ఎవరి వల్ల అవుతుంది? ధర మార్చకుండా లోపలి బరువు తగ్గించే అలవాటు కూడా ఈ చీకట్లోనే సాగుతోంది.

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ 1998లోనే కిలోకు, లీటరుకు ఎంత పడుతుందో ధర పక్కన చూపించాలని ఆదేశం తెచ్చింది. ఆస్ట్రేలియాలో 2009 నుంచి పెద్ద దుకాణాలకు ఇలాంటి నియమం ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2018లో యూనిట్ ధరల (కిలోకో లీటరుకో ఇంత అని చెప్పే ధరల) మీద మార్గదర్శకమే విడుదల చేసింది. బరువు తగ్గించడంతో కిలో ధర పెరిగిన సరుకుల దగ్గర బోర్డు పెట్టాలని ఫ్రాన్స్ 2024 జూలై 1 నుంచి పెద్ద దుకాణాలకు నియమం పెట్టింది. నియమం ఉంటే సరిపోదు, అక్షరం కనబడాలి. ధర ఎంత సైజులో వేస్తే గ్రాము ధర కూడా అంతే సైజులో, ప్యాకెట్టు ముందువైపునే వేయాలి. ఇంకుకైతే మిల్లీలీటరు ధరతోపాటు పేజీకి ఎంత పడుతుందో కూడా రాయాలి. ఎన్ని పేజీలు వస్తాయో కొలిచే అంతర్జాతీయ పరీక్షా పద్ధతి ఉంది కాబట్టి చేయలేమని ఏ కంపెనీ అనడానికి వీల్లేదు.

మిమ్మల్ని అడిగేది ఒకటే. వారానికి ఒక్కరోజు ఆ బంగారం, వెండి పెట్టె కిందే ఇంకు, బ్లేడు, క్రీము, టూత్‌పేస్టు లాంటి ఐదారు వస్తువుల గ్రాము ధరలు కూడా వేయండి. తూచినవాటి లెక్క నా నోట్‌బుక్‌లో ఇప్పటికే 20 వస్తువుల దాకా ఉంది. తూచిన తేదీ, ఆ రోజు మీ పత్రికలో వచ్చిన వెండి ధర కూడా పక్కనే రాసి పెట్టాను. అవసరమైతే మొత్తం పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు