కొల్లేరు పిల్లలకు చెరువు పాఠం చెప్పించండి

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ కమిషనర్ గారికి,

మాది కైకలూరు ప్రాంతం. తెల్లవారుజామున చెరువులో బొచ్చె, శీలావతి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే, నీటిలో ప్రాణవాయువు తగ్గిందని మా పిల్లలు ఇట్టే చెబుతారు. ఎందుకు తగ్గిందంటే చెప్పలేరు. రాత్రంతా నాచు కూడా ఆ ప్రాణవాయువునే పీలుస్తుందని శ్వాసక్రియ పాఠం దగ్గరే చెప్పవచ్చు కదా!

ఉన్నత పాఠశాలల్లో చేపల పెంపకం నేర్పించండి. దానితోపాటే వాగుల సంరక్షణ కూడా; రెండోది లేకుండా మొదటిది వద్దు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు కొల్లేరులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. మా చెరువుల మురుగూ ఆ దారినే పడుతోంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సు ఇది! నెలకొకసారి పిల్లలే కాలువ నీటిని పరీక్షించి, ఫలితాలు పంచాయతీ గోడపై రాయాలి. వచ్చే జూన్‌లో ఒక్క మండలంలోనైనా మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక చేపల రైతు