120 రూపాయల ఐసు

నిన్న సాయంత్రం డిశ్చార్జ్ అయ్యాను. సెలైన్ ఎక్కించిన చెయ్యి ఇంకా వాచి ఉంది. ఒంటి చేత్తో టైప్ చేస్తున్నాను, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. రెండు రోజులాగి తీరిగ్గా రాయమంటున్నారు మా ఆయన. ఆగితే మర్యాదగా రాస్తాను. అది నాకిష్టం లేదు.

గత ఆదివారం బీచ్ రోడ్డులో జరిగిన హాఫ్ మారథాన్‌లో 18వ కిలోమీటరు దగ్గర నేను పడిపోయిన సంగతి మా రన్నింగ్ క్లబ్‌లో అందరికీ తెలుసు. గుండెపోటని కొందరు, షుగర్ పడిపోయిందని కొందరు అనుకున్నారట. రెండూ కాదు, వడదెబ్బ. ఎండలో తిరిగితే తగిలే రకం కాదు, పరుగు వల్ల ఒంట్లోనే పుట్టే రకం. పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ముప్పావు వంతు వేడిగానే మారుతుందని డాక్టరుగారు చెప్పారు. చెమట ఆరితే ఆ వేడి పోతుంది. మన వైజాగ్ ఉక్కలో చెమట ఆరేదెక్కడ? కారడమే. ఒళ్లు 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడటం మొదలుపెడితే ఇక నిమిషాలే లెక్క. అరగంటలోపు చల్లబరిస్తే దాదాపుగా బతుకుతారు. ఆలస్యమైతే కిడ్నీలు, కాలేయం, మెదడు.

నాకు ఆ అరగంటా దొరికింది ఒక చేపలమ్మ వల్ల. ఈ పోస్టు ఆవిడ కోసమే. పేరు రాయొద్దంది. "పేరెందుకమ్మా, పేపర్లో ఏత్తారా" అని నవ్వింది. అందుకే ఇక్కడ అప్ప అని రాస్తాను, మా వైపు అక్కని అలాగే అంటారు. పిలిచేది కూడా అలాగే.

నాకు గుర్తున్నది ఒక్కటే. రుషికొండ వైపు నుంచి ఆర్కే బీచ్‌కి తిరిగొస్తున్నప్పుడు సముద్రం ఎడమ పక్కన ఉండాలి కదా. కుడి పక్కన కనిపించింది. సముద్రం ఎందుకు పక్క మారిందా అని ఆలోచించాను తప్ప, నేనే వెనక్కి తిరిగి పరిగెడుతున్నానని తట్టలేదు. దాని తర్వాత ఏమీ లేదు. ఇక రాసేదంతా వాళ్లూ వీళ్లూ చెబితే విన్నదే.

పెద జాలరిపేట దగ్గర రోడ్డు పక్కన అప్ప చేపలు పెట్టుకుని కూర్చుంది. ఆదివారం కదా, బేరాలు బాగుండే రోజు. నన్ను మొదట పట్టుకున్నది వాలంటీర్లు కాదు, ఆవిడే. "అందరూ అటెల్తంటే ఈ పిల్ల ఇటొత్తంది, కాళ్లు తేలిపోతన్నాయి, ఏటో తేడాగుంది" అని లేచి వచ్చి చెయ్యి పట్టుకుందట. నాకు 46 ఏళ్లు, పిల్లనట. నేను చెయ్యి విదిలించుకుని, పిల్లాడి క్యారేజీ స్కూల్లో ఇచ్చేసి వస్తానన్నానట. మావాడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. అక్కడే కూలబడ్డాను.

ఒంటి మీద చెయ్యేసి చూసి ఆవిడ అరిచిన అరుపుకి నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. చేపల కింద పరిచే నీలం పట్టా లాగి నన్ను అందులో పడుకోబెట్టారు. నాలుగు అంచులూ నలుగురు ఎత్తి పట్టుకుంటే అది తొట్టిలా అయింది. అప్పుడు అప్ప తన ఐసు పెట్టె తెచ్చి, అందులోని చేపలు పక్కన గోనె మీద పోసేసి, ఐసంతా నా మీద కుమ్మరించింది. పక్కామె పెట్టెలోది కూడా. కుర్రాళ్లు బకెట్లతో నీళ్లు మోశారు. ఉయ్యాల ఊపినట్టు పట్టా అటూ ఇటూ ఊపమందట. చుట్టూ చేరినవాళ్లు ఫోన్లు తీసేసరికి "ఆడపిల్ల, సూత్తారేటి, అటు తిరగండి" అని అరిచి, ఆడవాళ్ల చేత పైట చెంగులు అడ్డం పెట్టించింది. ఎవరో ఓఆర్ఎస్ పట్టబోతే "తెలివి లేని మనిసి నోట్లో నీలు పొయ్యకండి" అని గిన్నె తోసేసిందట.

హాస్పిటల్లో డాక్టరుగారు ఇదంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, బయటి దేశాల్లో పెద్ద పెద్ద రేసుల్లో మెడికల్ టెంట్లలో తొట్టి లేకపోతే సరిగ్గా ఇదే చేస్తారనీ, ఇలాగే పట్టాలో వేసి, ఐసు నీళ్లు పోసి, ఇలాగే ఊపుతారనీ చెప్పారు. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి, అది వాళ్ల సూత్రమట. మామూలు జ్వరం కాదు కాబట్టి పారాసెటమాల్ ఇలాంటి వేడిని దించదట. మరి అప్పకి ఇవన్నీ ఎవరు చెప్పారు? మంగళవారం అడిగాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"సేప సెడిపోకుండా ఏటి సేత్తావు? ఐసెయ్యవా? మనిసికీ అంతే కదేటి."

మంగళవారం సంగతికి మళ్లీ వస్తాను. ముందు నా తప్పు ఒప్పుకోవాలి, లేకపోతే మా కోచ్ సార్‌కి అన్యాయం.

మూడేళ్ల క్రితం మొదటి రోజు కాళీమాత గుడి దగ్గర బయల్దేరి, సబ్‌మెరైన్ మ్యూజియం దాకా కూడా సరిగ్గా పరిగెత్తలేకపోయాను. అక్కడ ఇసుకలో ఆ పాత సబ్‌మెరైన్ కుర్సురా, దాని పక్కన నేను, ఇద్దరం సర్వీసు అయిపోయినవాళ్లలా కూర్చున్నాం. సార్ నేవీలో రిటైరయ్యారు. ఆయన నన్ను తిట్టలేదు. పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా పరిగెత్తండి, మాట తెగిపోతే నడవండి, అంతే అన్నారు. మంగళవారం గ్రౌండ్‌లో ఇంటర్వెల్స్, అంటే కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా, గురువారం కైలాసగిరి ఘాట్ రోడ్డు, ఆదివారం లాంగ్ రన్. అలా ఐదు కిలోమీటర్ల నుంచి పది, పది నుంచి హాఫ్ మారథాన్ ఇరవై ఒకటి. ఆయన పెట్టిన రూళ్లు ఎక్కువ లేవు. జలుబు, ముక్కు కారడం లాంటి మెడ పైన బాధలైతే మెల్లగా పరిగెత్తొచ్చు. మెడ కిందైతే, అంటే జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులుంటే ఇంట్లో పడుకోవాలి. ఇంకొకటి, బిబ్ వెనక, అంటే రేసులో ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం వెనక, అత్యవసరంలో ఫోన్ చెయ్యాల్సిన నంబరు రాయాలి.

నాకు రేసుకి మూడు రోజుల ముందు, గురువారం జ్వరం వచ్చింది. సార్‌కి చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే ఒళ్లు నొప్పులకి ఒక పెయిన్ కిల్లర్ మింగాను. అది కిడ్నీల మీద ఇంకో బరువని డాక్టరుగారు చెప్పారు. బిబ్ వెనక ఏమీ రాయలేదు, పెన్ను దొరకలేదు. సార్, క్షమించండి. ఐసీయూ బయట మీరు రెండు రాత్రులు కుర్చీలోనే కూర్చున్నారని తెలిసింది. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అయితే అన్నీ నా తప్పులే కూడా కాదు. ఐదున్నరకి మొదలవ్వాల్సిన రేసు ఆరున్నరకి మొదలైంది. ఎందుకంటే జెండా ఊపే ముఖ్య అతిథి రాలేదు. వేల రూపాయలు కట్టించుకుని, పొద్దున్నే నాలుగున్నరకి రమ్మని, గంటసేపు స్టేజీ మీద జుంబా చేయించారు. ఆ గంట మాకు ఎండలో కలిసింది. తిరుగుదారిలో నీళ్ల టేబుల్ దగ్గర ఖాళీ క్యాన్లున్నాయి, గ్లాసులున్నాయి, నీళ్లు మాత్రం లేవు. అంబులెన్సు ఉందా అంటే ఉంది, ఫినిష్ లైన్ దగ్గర, స్టేజీ పక్కన. ఫోటోల్లో చక్కగా పడింది. బారికేడ్లు తీయించి బయటికి తేవడానికి టైమ్ పడుతుందన్నారట. ఒక్క ఐసు తొట్టి లేదు. మెడల్ మాత్రం కొరియర్‌లో పంపుతామని మొన్న మెసేజ్ వచ్చింది. పంపొద్దు.

మొదట తీసుకెళ్లిన ఆసుపత్రి గురించి కూడా చెప్పేస్తాను. తడిబట్టల్లో, చేపల వాసనతో స్ట్రెచర్ మీద ఉన్న మనిషిని పక్కన పెట్టి, అడ్వాన్సు 50 వేలు కట్టే మనిషెవరని అడిగారట కౌంటర్లో. అత్యవసరంలో ఉన్నవాళ్లకి ముందు వైద్యం చెయ్యాల్సిందేనని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని మా క్లబ్‌లో లాయరుగారు అంటున్నారు. ఆ కౌంటర్ దాకా ఇంకా చేరలేదు కాబోలు. పది నిమిషాలు అక్కడ పోయాయి. రెండో చోట చేర్చుకున్నారు. ఐసు వేశాక, ఇంత తిరిగాక కూడా ఒళ్లు 39.4 ఉందట. మరి పట్టాలో వేసినప్పుడు ఎంతుండేదో ఊహించుకోండి.

మా ఆయన, మా చెల్లి, అత్తయ్యగారు ఉన్నారు, చూసుకున్నారు. వాళ్లకి ఇక్కడ థాంక్స్ చెబితే వింతగా చూస్తారు.

ఇక మంగళవారం. వార్డుకి మార్చిన రోజు. విజిటింగ్ టైమ్ అయిపోతుండగా గుమ్మం దగ్గర ఒకావిడ, చేతిలో క్యారీ బ్యాగు. సెక్యూరిటీతో వాదిస్తోంది. "పేషెంటు పేరు తెలీదు బాబూ, పరుగులమ్మ." నేను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాను? నేను ఆవిడని చూసిందే లేదు. ఆవిడే దగ్గరికొచ్చి, నా నుదుటి మీద చెయ్యేసి, వెనక్కి తీసి, మళ్లీ వేసి, "సల్లబడ్డాది" అంది. ఆ ఒక్క మాట చాలు నన్ను కూలదోయడానికి. ఐసీయూలో ఏడవలేదు నేను. అప్పుడు ఏడ్చాను, పక్క బెడ్డు వాళ్లు నర్సుని పిలిచేంత గట్టిగా.

క్యారీ బ్యాగులో నా ఎడమకాలి బూటు. ఆ గొడవలో ఊడిపోయిందట. సర్ఫ్‌తో ఉతికి, ఎండలో ఆరబెట్టి, లేసు కూడా ముడేసి తెచ్చింది. "సేపల కంపు పోనాదో నేదో సూడు" అంటూ ముక్కు దగ్గర పెట్టింది. ఆటోకి డబ్బులెందుకని రెండు బస్సులు మారి వచ్చిందట. ఆదివారం నుంచి నన్ను ఏ ఆసుపత్రిలో చేర్చారో తెలుసుకోవడానికి ఎంతమందిని అడిగిందో చెప్పలేదు.

మా ఆయన కవరు ఇవ్వబోయారు. ఎంత పెట్టారో నేను అడగలేదు. ఆవిడ కవరు వైపు చూడను కూడా చూడలేదు. "ఐసుకి 120 అయినాది, అదియ్యండి. నాది 60, పక్కదానిది 60" అంది. చేపల మాటేమిటి అప్పా అంటే, "అయ్యి అమ్మేసినాను" అంది. మా ఆయన వంద నోటు, రెండు పదులు ఇచ్చారు. లెక్కపెట్టి, చెంగున ముడేసుకుంది.

నిన్న మా క్లబ్ అమ్మాయిలు ఆవిడకి చీర ఇద్దామని వెళ్లారు. చీర తీసుకోలేదు, టీ ఇప్పించిందట వాళ్లకే. పక్కన కూర్చునే ఆవిడ చెప్పిందట అసలు సంగతి. ఐసు లేక ఎండకి చందువాలు మెత్తబడిపోతే కొన్నిటిని సగం ధరకి ఇచ్చేసి, మిగతావి ఉప్పేసి ఎండబెట్టింది. పొద్దున్నే హార్బర్లో అప్పు మీద తెచ్చిన సరుకు అది. అప్పా, నువ్వు ఇది చదవవని తెలుసు. నీ మనవరాలు ఫోన్ చూస్తుందన్నావు, తను చదివి వినిపిస్తుందేమో. నడవడం మొదలుపెట్టగానే వస్తాను. చేపలు కొంటాను, బేరం ఆడతాను. ఆడకపోతే నీకు కోపం వస్తుందని అర్థమైంది.

ఇంత రాశాక గుర్తొస్తున్నాయి కొన్ని పేర్లు. పేర్లు కాదు, మనుషులు. రెండుంపావు గంటల్లో రేసు ముగించాలనుకునేవాళ్లకి ముందు జెండా పట్టుకుని పరిగెత్తే పేసర్ తమ్ముడూ, నీ జెండా పక్కవాడికిచ్చి నాతో ఆటో ఎక్కావట, థాంక్స్, నీ వెనక పరిగెత్తిన వాళ్లందరికీ సారీ. నా ఫోన్ నా బొటనవేలితోనే తెరిచిన కుర్రాడికి థాంక్స్. చివరి కాల్ ఉన్న నంబరుకి చేశాడట. అది మా పాలబ్బాయిది. పాలబ్బాయి బండి వేసుకుని మా ఇంటికెళ్లి, నిద్రపోతున్న మా ఆయన్ని లేపాడు. బాబూ, ఈ నెల పాల బిల్లు అసలు కట్టామో లేదో కూడా గుర్తులేదు నాకు. రాత్రి డ్యూటీ నర్సమ్మకి, నా జుట్టులోంచి చేప పొలుసులు ఏరినందుకు. రెండు బకెట్లు మోసిన ఇంకో కుర్రాడికి. అయ్యో, పక్కన కూర్చునే ఆవిడని వదిలేశాను, రెండో పెట్టె ఐసు తనదే కదా, తన చేపల సంగతి ఎవరూ అడగలేదు.

ఆటో అతను. నన్ను ఐసు కారుతుండగా ఎక్కించుకుని, మొదటి ఆసుపత్రిలో కాదనేదాకా ఆగి, మళ్లీ ఎక్కించుకుని రెండోదానికి తీసుకెళ్లాడు. డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయాడట. సీటు తడిసి, ఆ రోజంతా కిరాయి దొరికిందో లేదో. వయసు 50 పైనే, వెనక అద్దం మీద సింహాచలం అప్పన్న బొమ్మ. అప్పన్న బొమ్మ ఉన్న ఆటోలు వైజాగ్‌లో ఎన్ని ఉంటాయో నాకూ తెలుసు. అయినా పెద జాలరిపేట, లాసన్స్ బే వైపు స్టాండుల్లో ఎవరైనా అడిగి చూడండి. ఆదివారం పొద్దున్న చేపల వాసనొచ్చిన ఆటో అంటే అతనికి గుర్తుంటుంది.