ఏకగ్రీవమా, ఎదురు చెప్పలేకనా?

సంపాదకులకు,

సర్పంచ్ ఎన్నిక ఏకగ్రీవమైతే ఊరంతా ఒక్కమాట మీద ఉందని మెచ్చుకుంటాం. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అలాంటి పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ఆ ఒక్కమాట ఎలా పుడుతుందో మా ఊళ్లో కళ్లారా చూశాను.

రామాలయం అరుగు మీద పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. నామినేషన్ వేసిన కుర్రాడి తండ్రి కౌలురైతు. మెట్ల కింద తుండుగుడ్డ నలుపుకుంటూ నిలబడ్డాడు. ‘‘ఏరా, నీకేమన్నా అభ్యంతరమా?’’ అని అడిగింది ఆయన దున్నుతున్న పొలం యజమానే. ‘‘మీ ఇష్టమండీ’’ అన్నాడు. కుర్రాడు నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. దీన్ని సమ్మతి అనడానికి నాకు మనసొప్పదు. ఆ తండ్రికి కౌలు పోతుందన్న భయం లేకుంటే ఏమనేవాడో మనకెవరికీ తెలియదు.

రహస్య బ్యాలెట్ ఉన్నది ఇలాంటివారి కోసమే. ఏకగ్రీవంలో ఆ చాటు లేదు, నోటా కూడా లేదు.

తమిళనాడులోని మదురై జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి పంచాయతీలు దళితులకు రిజర్వ్ కాగానే ఆధిపత్య కులాలు అడ్డం తిరిగాయి. 2006 దాకా అక్కడ ఎన్నిక సజావుగా సాగలేదు. అదే జిల్లా మేలవళవులో దళిత పంచాయతీ అధ్యక్షుడు మురుగేశన్‌ను 1997లో చంపేశారు. ఇంత జరిగాక కూడా నిశ్శబ్దాన్ని ఒప్పుదల అనుకుందామా?

ఏకగ్రీవానికి డబ్బు ఇవ్వడం మానాలి. నామినేషన్ వెనక్కి తీసుకునే ప్రతి ఒక్కరినీ ఎన్నికల అధికారి ఒంటరిగా, ఊరిపెద్దలు లేనిచోట, కారణం అడిగి రాసుకోవాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా