చలికాలంలో కంగారూలు ముందే మేతకొస్తాయి

సంపాదకులకు,

కంగారూలు పగలు పడుకుని రాత్రి మేస్తాయని మన పిల్లల పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ మాట ఎండాకాలానికే సరిపోతుంది. ఆస్ట్రేలియాలో కారు నడిపే మనవాళ్లు చాలామంది ఉన్నారు గనుక మిగతాది కూడా చెప్పాలి.

అక్కడ జనవరి ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు ఎర్ర కంగారూ చెట్టునీడన పైమట్టి గీకి, కింది చల్లటి మట్టిలో పడుకుంటుంది. ముంజేతులను ఉమ్ముతో నాకి తడుపుకుంటుంది. అక్కడ చర్మం కింద రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. వేడి పెరిగితే వాటిలోకి రక్తం ఎక్కువగా వస్తుంది, ఉమ్ము ఆరేకొద్దీ ఆ రక్తం చల్లబడుతుంది. కూజాలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. కానీ ఇందుకు ఒంట్లో నీరు ఖర్చవుతుంది. అందుకే పొద్దు వాలేదాకా అది నీడ వదలదు.

మనకు వానలు మొదలయ్యే జూన్‌లో అక్కడ చలి. రాజధాని కాన్‌బెర్రాలో తెల్లవారితే గడ్డి మీద మంచు పేరుకుంటుంది. బూడిదరంగు కంగారూలు ఎండ కాచుకుంటూ కూర్చుంటాయి. చలికి గడ్డి ఎదగదు, కడుపు నిండాలంటే ఎక్కువసేపు మేయాలి. అందుకని మధ్యాహ్నం నుంచే మేతకు దిగుతాయి. జనవరిలో ఎనిమిది దాటాక అస్తమించే సూర్యుడు జూన్‌లో అయిదింటికే దిగిపోతాడు. సరిగ్గా ఆఫీసులు వదిలే వేళ! కరువు రోజుల్లో మరీ ప్రమాదం. తారురోడ్డు మీంచి జారిన నీటితో రోడ్డు పక్కనే కాస్త పచ్చగడ్డి మిగులుతుంది, మంద అక్కడికే చేరుతుంది.

కాబట్టి మసక వెలుతురులో వేగం తగ్గించండి. ఒకటి దాటితే వెనక మరొకటి ఉంటుందనే అనుకోండి. ఎదురుగా వస్తే స్టీరింగ్ పక్కకు తిప్పకుండా నేరుగా బ్రేక్ వేయండి. కారు చెట్టుకు కొట్టుకునో బోల్తాపడో ప్రాణాలు పోయేది పక్కకు తిప్పినప్పుడే.

కంగారూ చనిపోతే, కారు క్షేమంగా ఆపగలిగితే, సంచిలో చూడండి. పిల్ల బతికే ఉండొచ్చు. చిన్నపిల్ల నోట్లో చనుమొన ఉబ్బి బిగుసుకుని ఉంటుంది, లాగితే నోరు గాయపడుతుంది. లాగకుండా వన్యప్రాణి రక్షకులకు ఫోన్ చేయండి. విడిగా ఉన్న పిల్లనైతే మెత్తటి గుడ్డలో చుట్టి, వెచ్చగా, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. ఆవుపాలు మాత్రం పట్టకండి, వాటిలోని లాక్టోజ్ అనే చక్కెర దానికి అరగదు, విరేచనాలవుతాయి.

— కొందరు తెలుగు పాఠకులు, కాన్‌బెర్రా